నాన్నని లోపల పెట్టేస్తావేటే?

బరంపురంలో చిన్నాన్న వాళ్ళ ఇల్లు. హాల్లో చెల్లి ల్యాప్‌టాప్‌తో. ఎదురుగా చాప మీద మామ్మ, ఎండిన మినప అప్పడాలు దొంతర పెడుతోంది. చెల్లి ఫోన్లో ఎవరితోనో అంది: "తండ్రిని తీసేద్దాం. లోపల పెట్టుకుని, కావలసినప్పుడు పని చేయించుకుంటే చాలు."

మామ్మ: ఏటే గుంటా, ఏటన్నావ్?

చెల్లి: ఆఫీసు పని మామ్మా.

మామ్మ: కన్నతండ్రిని లోపల పెట్టడం ఆఫీసు పనా? జీతం ఎంతిస్తారే దానికి?

చెల్లి: నాన్నని కాదు! కోడ్‌లో క్లాసు అంటే ఒక రకం వస్తువుకి రాసుకునే నమూనా. దానికి తండ్రి క్లాసు ఉంటుంది. తండ్రికి ఉన్నవన్నీ బిడ్డకి వచ్చేస్తాయి.

మామ్మ: మంచిదే కదా. నీకు మీ నాన్న మొండితనం ఊరికే రాలేదూ?

చెల్లి: అదే గొడవ. అక్కర్లేనివీ వస్తాయి. పైన తండ్రి కాస్త మారితే కింద పిల్లలంతా పాడవుతారు.

మామ్మ: 1936లో ఈ ఊరిని మద్రాసు నుంచి తీసి ఒరిస్సాలో కలిపేశారు. మా నాన్న చెప్పేవాడు. పైవాడు మారిపోయాడు కదా, నేనేటి పాడయ్యాను? బజార్లో బేరం ఒడియాలో, ఇంట్లో తిట్లు తెలుగులో.

చెల్లి: అంటే నీకు ఇద్దరు తండ్రులు. సీప్లస్‌ప్లస్ అనే కోడ్ భాషలో కుదురుతుంది, జావా అనే భాషలో క్లాసుకి ఒక్కడే.

మామ్మ: ఇద్దరేటే! మా అమ్మనంటావా?

(నేను మామ్మ పక్షం. చెల్లికి ముందే చెప్పాను.)

చెల్లి: అబ్బా, నీ అప్పడాల దొంతర చూడు. పైన పెడతావు, పైనుంచే తీస్తావు. దీన్ని స్టాక్ అంటారు. 1996లో జావా వచ్చినప్పుడు స్టాక్‌ని వెక్టర్ అనే వరస జాబితాకి బిడ్డని చేశారు. వెక్టర్‌లో ఎక్కడైనా చెయ్యి పెట్టొచ్చు. దాంతో స్టాక్‌లోనూ నడిమధ్య నుంచి లాగేయొచ్చు. ఇదిగో, ఇలా...

మామ్మ: (చేతి మీద ఒకటేసి) ఆ రాసినోడికి మామ్మ లేనట్టుంది.

చెల్లి: ఉస్స్! అందుకే, వెక్టర్‌ని లోపల దాచుకుని, పైకి పెట్టడం, తీయడం రెండే చూపించాలి. సేవింగ్స్ ఖాతా అయితే వేరు, అది ఎక్కడున్నా ఖాతాయే, ఖాతా క్లాసుకి బిడ్డని చేయొచ్చు. తండ్రి ఉన్న చోట బిడ్డని నిలబెట్టినా పని చెడకూడదు. అదీ లెక్క.

మామ్మ: మీ నాన్న బ్యాంకు కుర్చీలో నిన్ను కూర్చోబెడితే?

చెల్లి: సాయంత్రానికి బ్యాంకు మూసేస్తారు.

మామ్మ: మరి నువ్వాడి కూతురివి కావేటి?

చెల్లికి మాట రాలేదు. ల్యాప్‌టాప్ వైపు చూసింది. అదీ ఏం చెప్పలేదు.

చెల్లి: నువ్వు మా టీములో ఉండాల్సింది మామ్మా.

మామ్మ: నాకెందుకే, ఒకర్ని లోపలెయ్యడాలూ అవీ. ఇంద, విరిగినవి తిను. మంచివి ముట్టుకోకు.

విరిగినవని ఇచ్చినవాటిలో రెండు నిక్షేపంలా ఉన్నాయి. చెల్లి నమిలింది. మామ్మ మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

మామ్మ: అయితే ఎప్పుడు తీసేస్తన్నావ్ మీ నాన్నని?

చెల్లి: (నీరసంగా) సోమవారం.

మామ్మ: ఆడికి రాత్రి అన్నం తిన్నాక బీపీ మాత్ర. లోపల ఎవరిస్తారు?

చెల్లి: నేనే ఇస్తాను మామ్మా.

మామ్మ: మర్చిపోకు మరి. ఆడు అడగడు.