లైటు వేసినందుకు నెల అద్దె

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న పౌరులారా, బ్రోకర్ గారికి మీరు సమర్పించుకునే నెల అద్దె ఇల్లు చూపించినందుకు అనుకుంటున్నారేమో, కాదు. ఇల్లు చూపించేది వాచ్‌మన్. తాళం చెవి ఉండేది వాచ్‌మన్ భార్య దగ్గర. లిఫ్టు ఏ ఫ్లోరులో మొరాయిస్తుందో, మంజీరా నీళ్లు ఏ పూట వదులుతారో తెలిసింది కూడా ఆవిడకే. బ్రోకర్ గారు పావుగంట ఆలస్యంగా వచ్చి, హాల్లోకి నడిచి, స్విచ్ నొక్కి ట్యూబ్‌లైటు వెలిగిస్తారు. ముప్పై వేల ఇంటికి ముప్పై వేలు. స్విచ్ మనమే నొక్కేస్తే ఏమైనా తగ్గిస్తారా అని అడక్కండి, తగ్గించరు.

అసలు అక్కడిదాకా వెళ్లడమే ఒక ఘనకార్యం. యాప్‌లో ఫొటో చూసి ఫోన్ చేస్తే "అది పొద్దున్నే పోయింది సార్, అలాంటిదే ఇంకోటుంది" అంటారు. ఫొటోలోని ఆ ఇల్లు ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే పోతూ ఉంటుంది, పాపం. సెమీ ఫర్నిష్డ్ అంటే ఫ్యాన్లున్నాయని అర్థం. మెట్రోకి ఐదు నిమిషాలు అన్నది కూడా అబద్ధమేం కాదు, రాత్రి పదకొండింటికి బైకు మీద రాంగ్ రూట్లో వెళ్తే అంతే పడుతుంది. కొంతమంది ముందే "విజిటింగ్ చార్జీ కొట్టేయండి సార్, లొకేషన్ పెడతా" అంటారు. అంటే అడ్రసుకి కూడా టికెట్టన్నమాట.

సరే, లైటు వెలిగింది. ఇక చూడండి. "వెంటిలేషన్ చూడండి సార్" అని ఆయన కిటికీ తీస్తారు. రెండడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంటు వంటిల్లు. అక్కడ ఒకావిడ పోపు పెడుతోంది. మీకు తుమ్మొస్తుంది. బ్రోకర్ గారు ఏమాత్రం తొణక్కుండా "బాగున్నారా మేడమ్" అని పలకరిస్తారు, ఆవిడ గరిటె చూపిస్తూ "ముందా కిటికీ ముయ్యవయ్యా" అంటుంది. "చూశారా సార్, నైబర్స్ చాలా ఫ్రెండ్లీ." బాత్రూములో కుళాయి తిప్పితే అది రెండుసార్లు గుర్రుమని, ఒకసారి దగ్గి, గాలి వదులుతుంది. "మోటరు వెయ్యలేదు సార్, సంపు ఫుల్లుగా ఉంది." సంపు చూద్దామంటే దాని మీద ఎవరిదో కారుంటుంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. ఆయన కొంచెం పక్కకి జరిగి, మీకు వినపడేంత మెల్లిగా మాట్లాడతారు. ఇంకో పార్టీ. కొత్తగా పెళ్లైన సాఫ్ట్‌వేర్ జంట, ఇద్దరూ పొద్దున వెళ్తే రాత్రికే రావడం, వంట కూడా పెద్దగా చెయ్యరు, మేకులు కొట్టరు, చుట్టాలు రారు, సాయంత్రానికల్లా టోకెన్ అడ్వాన్సు కొట్టేస్తామంటున్నారు. ఈ దంపతులంటే నాకు అపారమైన గౌరవం. ఎల్బీ నగర్ నుంచి పటాన్‌చెరు దాకా ఖాళీగా ఉన్న ప్రతి టూ బీహెచ్‌కే వాళ్లకి నచ్చింది. సెల్లారు పక్క ఫ్లాటూ నచ్చింది, ఎండాకాలం పెనంలా కాలే పెంట్‌హౌసూ నచ్చింది. ఇన్నేళ్లుగా నగరమంతా టోకెన్లు పట్టుకుని తిరుగుతున్నారు, ఒక్క ఇంట్లోనూ పాలు పొంగించలేదు. వాళ్లింకా కొత్తగా పెళ్లైనవాళ్లే. నిజంగా ఎక్కడైనా ఎదురుపడితే కాళ్లకి దండం పెట్టి, ఒక్క ఇల్లు తీసుకోండి బాబూ, ఊరంతా కాస్త ఊపిరి పీల్చుకుంటుందని బతిమాలుతాను.

చట్టం ఏమంటుందని అడిగే అమాయకులూ ఉంటారు. 2016లో వచ్చిన రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, ప్రాజెక్టుల్లో ప్లాట్లూ ఫ్లాట్లూ అమ్మిపెట్టే ఏజెంట్లని రిజిస్టర్ చేసుకోమంది, అద్దెకి ఇప్పించేవాళ్ల జోలికి రాలేదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంది, మన దగ్గర దాన్ని తర్వాత సవరించి ఏ లీజైనా చేయించాలన్నారు, అయినా మన అగ్రిమెంట్లు చాలావరకు పాత అలవాటుగా పదకొండు నెలలకే ఆగిపోతాయి. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ యాక్ట్ తెచ్చింది గానీ, పేరులోనే ఉందిగా, మోడల్, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి ప్రాణం. మన పిల్లలు చదువుకోడానికి వెళ్లే ఇంగ్లండ్‌లో మాత్రం 2019 జూన్ నుంచి ఇల్లు చూపించినందుకూ కాగితాలు రాసినందుకూ ఏజెంటు కిరాయిదారు దగ్గర పైసా తీసుకోకూడదు. అలాంటి చోట లైట్లు ఎవరు వేస్తారో మరి.

ఇల్లు నచ్చిందనుకోండి. అప్పుడు మెట్ల మీద ఆగి, గొంతు తగ్గించి అడుగుతాడు. "మీరేమిట్లు సార్? నాకేం పట్టింపు లేదు, ఓనరు గారు అడుగుతారు." పేరు చెబితే చాలదు, ఇంటిపేరు కావాలి, ఇంటిపేరుతో తేలకపోతే మీ సొంతూరేది, అక్కడ మీవాళ్లు ఏ వైపుంటారు. ముస్లిం పేరు వినపడిందా, ఎదురుగా తాళం తీసి ఉన్న ఇల్లే "పొద్దున్నే పోయింది సార్" అయిపోతుంది. ఒంటరి ఆడమనిషైతే మీవారేం చేస్తారు, రాత్రి ఎన్నింటికొస్తారు, ఎవరైనా వస్తుంటారా. వెజ్ ఓన్లీ అని బోర్డు పెట్టిన పెద్దమనుషుల బాధ కోడికూర వాసన కాదు. ఇంట్లోకి ఎవరు రాకూడదో తెగించి రాయలేక కూరగాయల్ని అడ్డం పెట్టుకున్నారు. రాజ్యాంగం అంటరానితనాన్ని 17వ అధికరణంతో రద్దు చేసింది, వీళ్లు దాన్ని ఫోన్ కాల్‌లోకి మార్చుకున్నారు, అంతే తేడా. ఇంతా చేసి ఓనరు గారుండేది ఏ డల్లాస్‌లోనో. అక్కడ 1968 నుంచి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ఉంది, జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదు. ఆ చట్టం నీడలో హాయిగా ఇల్లు సంపాదించుకుని, మియాపూర్‌లో తన ఫ్లాటుకి మాత్రం "మనవాళ్లనే చూడవయ్యా" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుతాడు. సిగ్గుండాలి. ఆ వాయిస్ మెసేజ్ మోసుకొచ్చి మన మొహం మీద ఆ ప్రశ్న అడిగినవాడికి కూలీ ఎవరిస్తున్నారు? మనమే. మనల్ని జల్లెడ పట్టినందుకు మన జేబులోంచి నెల అద్దె!

ఇవన్నీ దాటి ఇంట్లో దిగితే తొమ్మిది నెలలు ప్రశాంతం. బోరు ఎండినా, సీలింగు కారినా ఆయన ఫోనెత్తరు కాబట్టి ఆ ప్రశాంతత ఆయనదే అనుకోవాలి. పదో నెలలో ఆయనే ఓనరుకి ఫోన్ చేసి "ఏరియా రేటు పెరిగింది సార్, ముప్పై ఐదు ఈజీగా వస్తుంది" అంటారు, మర్నాడు మీకు చేసి "ఓనరు గారు పెంచుతారట కదా, నా దగ్గర మంచి ఇల్లుంది" అంటారు. ఒక్క ఇంటి మీద ముగ్గురి దగ్గర కమీషన్, ఇదీ తెలివంటే. మీరు ఖాళీ చేస్తారు. పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి నెల అద్దె కోసేస్తారు, తర్వాత వచ్చినవాళ్లకి మాత్రం అదే పాత గోడ, మీ క్యాలెండర్ మేకుతో సహా. ఇదేం అన్యాయమయ్యా అని మధ్యలో ఉన్న పెద్దమనిషికి ఫోన్ చేస్తే, అదృష్టం బాగుండి ఎత్తితే, "ఏ ఫ్లాటు సార్? ఓ, అదా. నేను రెంటల్స్ మానేశా సార్, ఇప్పుడు ప్లాట్లు చేస్తున్నా. షాద్‌నగర్ దగ్గర మంచి వెంచరుంది, ఆదివారం ఫ్యామిలీతో రండి, కారు పంపిస్తా."