ఎండాకాలం సగం దాటాక విత్తనం వేస్తే దండగా? కానే కాదు

"ఎండాకాలం సగం దాటాక కూరగాయల విత్తనాలు వేయడం దండగ, మళ్లీ వసంతం వచ్చేదాకా మడులు అలాగే వదిలేయండి" అనే మెసేజ్‌ని ఈమధ్య అందరూ షేర్ చేస్తున్నారు. దానికి చెప్పిన కారణాలు నాలుగు: పంటకు టైం సరిపోదు, చలికి అన్నీ చచ్చిపోతాయి, ఎండకి విత్తనం మొలవదు, ఒక పంట తీసిన మట్టిలో సారం మిగలదు. చలి గట్టిగా పడే చోట (అక్కడ ఎండాకాలమంటే జూన్ నుంచి ఆగస్టు దాకా) కొత్తగా తోట మొదలుపెట్టినవాళ్లు ఇది నమ్మి, బఠాణీ తీగలు పీకేశాక మడిని కలుపుకి వదిలేస్తున్నారు. పాలకూర, ముల్లంగి, క్యారెట్ బాగా రుచిగా వచ్చే కాలాన్ని అలా పోగొట్టుకుంటున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ముందు టైం సంగతి. సరిపోతుందా లేదా అన్నది లెక్క వేస్తే తేలుతుంది, ఊహతో చెప్పేది కాదు. రాత్రి చలి సున్నా డిగ్రీలకు దిగి ఆకుల మీద తెల్లగా మంచు గడ్డకట్టడాన్ని తోటవాళ్లు ఫ్రాస్ట్ అంటారు. మీ దగ్గర తొలి ఫ్రాస్ట్ సగటున ఏ తేదీకి వస్తుందో కనుక్కోండి. విత్తనాల ప్యాకెట్ మీద పంట ఎన్ని రోజులకి వస్తుందో రాసి ఉంటుంది, దానికి ఇంకో 14 రోజులు కలపండి, ఎందుకంటే పగలు తగ్గేకొద్దీ మొక్క నెమ్మదిగా ఎదుగుతుంది. ఆ మొత్తాన్ని ఫ్రాస్ట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ఉదాహరణకు తొలి ఫ్రాస్ట్ అక్టోబరు 20 అనుకుందాం. 70 రోజుల క్యారెట్‌ని జులై 28కల్లా వేయాలి, 55 రోజుల బీట్‌రూట్‌కి ఆగస్టు 12 దాకా టైం ఉంది, 28 రోజుల్లో వచ్చే ముల్లంగిని సెప్టెంబరు 8న వేసినా చేతికొస్తుంది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే క్యాబేజీ, బ్రకోలీ ప్యాకెట్ల మీద రాసే రోజులు మామూలుగా నారు నాటిన రోజు నుంచి లెక్క, కాబట్టి నారు పెంచడానికి పట్టే నాలుగైదు వారాలు అదనంగా వేసుకోవాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, తర్వాత నింద చలి మీద వేస్తారు.

చలికి అన్నీ చచ్చిపోతాయన్నది సగమే నిజం. టమాటా, వంకాయ, బీన్స్, దోస ఒక్క ఫ్రాస్ట్‌కే నల్లబడి వాలిపోతాయి, అందులో వాదన లేదు. పాలకూర, కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర), క్యారెట్ అలా కాదు, చలి తగలగానే తమలో చక్కెర పెంచుకుంటాయి. చక్కెర కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకా కిందికి దిగాలి, అంటే అది మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి, మనకి రుచిగా అందేది కూడా అదే. ఫ్రాస్ట్ పడిన పొద్దున కేల్ ఆకు గాజుపలకలా బిగుసుకుని, అంచుల వెంట తెల్లటి నూగుతో ఉంటుంది, చూస్తే పని అయిపోయిందనిపిస్తుంది. అప్పుడు ముట్టుకోకండి, గడ్డకట్టిన ఆకుని వంచితే అక్కడికక్కడే విరిగి పాడవుతుంది. ఎండ తగిలి కరిగేదాకా ఆగితే మళ్లీ మామూలుగా నిలబడుతుంది. అలాంటి రాత్రులు నాలుగైదు గడిచాక నేలలోంచి ఒక క్యారెట్ లాగి, మట్టి కడిగి, అక్కడే కొరికి చూడండి. నేనైతే ఆ రుచి తెలిశాక ఎండాకాలపు క్యారెట్ వేయడమే మానేశాను.

ఇంకా రెండు మూడు డిగ్రీల రక్షణ కావాలంటే మడి మీద పల్చటి కవర్ గుడ్డ కప్పితే వస్తుంది. ముందురోజు మట్టిని తడిపి ఉంచడం కూడా సాయమే, తడిమట్టి పగటి వేడిని పొడిమట్టి కంటే ఎక్కువ దాచుకుంటుంది. అసలు ఇబ్బంది చలి కంటే వెలుతురుతో వస్తుంది. పగలు 10 గంటల కంటే తగ్గితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, అందుకే ఆ లోపే మొక్క సైజుకి వచ్చేసి ఉండాలి.

ఎండకి విత్తనం మొలవదన్న మాటలో కొంత నిజముంది. మట్టి వేడి 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ (సలాడ్‌లో పచ్చిగా తినే ఆకు) విత్తనం చాలావరకు నిద్రలోకి వెళ్లిపోతుంది, పాలకూర కూడా సరిగా మొలవదు. అయితే దానికి విరుగుడు ఉంది. లెట్యూస్ నారుని నీడలో ట్రేల్లో పోసుకోండి. క్యారెట్ మొలకెత్తడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది, అన్ని రోజులూ పైమట్టి ఆరకూడదు, కాబట్టి సాలు తడిపి పైన తడి గోనెపట్ట పరిచి రోజూ ఎత్తి చూడండి, మొదటి పచ్చటి దారం కనబడగానే తీసేయండి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగిపోతాయి. ఒకసారి మొలిచాక కాలం మనవైపే ఉంటుంది: పాలకూర పూతకాడ వేసేది పగలు పెరుగుతున్నప్పుడు, ఎండ ముదురుతున్నప్పుడు, ఇప్పుడు ఆ రెండూ తగ్గుముఖం పడుతుంటాయి.

మట్టి సారం సంగతికొస్తే, రెండు వేళ్ల మందాన కంపోస్ట్ వేసి కలపండి, క్యాబేజీ తీసిన చోట మళ్లీ క్యాబేజీ జాతి పెట్టకండి. అంతే.

ఆ మెసేజ్‌లో లేని అసలు కష్టం పురుగు. ఎండాకాలం చివరికి క్యాబేజీ పురుగులు బాగా పెరిగి ఉంటాయి, లేత నారు దొరికితే రెండు రాత్రుల్లో ఈనెలు మాత్రమే మిగులుస్తాయి. నారు నాటిన రోజే సన్నటి వల కప్పండి, వారం తర్వాత కప్పితే గుడ్లు లోపలే ఉండిపోతాయి.

మీ లెక్క ప్రకారం అన్ని తేదీలూ దాటిపోయి ఉంటే వెల్లుల్లి ఉంది. నేల గడ్డకట్టడానికి కొన్ని వారాల ముందు రెబ్బల్ని మొన పైకి ఉండేలా గుచ్చి, ఎండాకులు మందంగా కప్పితే వచ్చే ఎండాకాలానికి గడ్డలు తవ్వుకోవచ్చు.