పక్కింటి గర్భంపై దావా వేయవచ్చు, సొంతింటి తుపాకీపై వేయకూడదు

కొడుకు తీరు చూసి ఒక తల్లి భయపడుతోంది అనుకుందాం. ఇంట్లో రైఫిల్ ఉంది, అతని నోట ఎప్పుడూ చావు మాటే. న్యూయార్క్‌లోనో కాలిఫోర్నియాలోనో అయితే ఆమె నేరుగా కోర్టుకు వెళ్లి, కొంతకాలం ఆ తుపాకీని స్వాధీనం చేసుకోమని అడగవచ్చు. టెక్సస్‌లో ఆ దారి ఎన్నడూ లేదు. 2025 నుంచి అలాంటి ఉత్తర్వును అమలు చేయబోవడమే అక్కడ నేరం. అదే టెక్సస్‌లో, ఏనాడూ ముఖం చూడని ఒక స్త్రీ గర్భస్రావానికి ఫలానా వ్యక్తి సాయపడ్డాడంటూ ఎవరైనా కోర్టుకెక్కి కనీసం 10,000 డాలర్లు కోరవచ్చు. రెండు చట్టాలనూ ప్రతిపాదించిన మనిషి ఒక్కరే. ఈశాన్య టెక్సస్‌లోని మినియోలా అనే చిన్న ఊరికి చెందిన రిపబ్లికన్ సెనేటర్, వృత్తిరీత్యా లాయర్, బ్రయాన్ హ్యూస్.

ఆయనను కరుడుగట్టిన సంప్రదాయవాదిగా తేల్చేసి ఊరుకోవడం సులభం. టెక్సస్ సెనేట్‌లో అలాంటివారికి కొదవ లేదు. హ్యూస్‌ను వేరుగా చూడవలసింది ఆయన నమ్మకాలను బట్టి కాదు, పనితనాన్ని బట్టి.

పది వేల డాలర్ల దావాలకు వీలిచ్చిన ఆ చట్టం 2021 నాటి ఎనిమిదో నంబరు సెనేట్ బిల్లు. పిండంలో గుండె కదలిక కనిపించాక, అంటే దాదాపు ఆరు వారాల తర్వాత, గర్భస్రావం నిషేధం. అత్యాచార బాధితులకూ మినహాయింపు లేదు. ఇలాంటి చట్టాలు అంతకు ముందు వేరే రాష్ట్రాలూ చేశాయి, కోర్టులు వాటిని ఆపేశాయి. టెక్సస్ చట్టం మాత్రం ఆగలేదు. ఎందుకంటే దాన్ని అమలు చేసే బాధ్యతను ప్రభుత్వం తన చేతిలో ఉంచుకోలేదు. రాజ్యాంగ విరుద్ధమైన చట్టాన్ని ఆపాలంటే, దాన్ని అమలు చేసే అధికారిపై కోర్టుకు వెళ్లాలి. ఇక్కడ అధికారే లేడు! వైద్యుడిపైన, డబ్బిచ్చిన స్నేహితురాలిపైన, క్లినిక్‌కు తీసుకెళ్లిన డ్రైవర్‌పైన దావా వేసే అధికారం దారిన పోయే ప్రతి ఒక్కరిదీ. దావా వేసినవాడు గెలిస్తే లాయరు ఫీజు ఓడినవారి నెత్తిన పడుతుంది. ఓడితే మాత్రం అవతలివారి ఫీజు అతడు కట్టనక్కర్లేదు. గర్భస్రావ హక్కు దేశమంతటా ఇంకా చెల్లుబాటులో ఉన్న రోజుల్లోనే, 2021 సెప్టెంబరు 1న, సుప్రీంకోర్టు 5-4 తేడాతో జోక్యానికి నిరాకరించింది. చట్టాన్ని ధిక్కరించానని బాహాటంగా చెప్పిన శాన్ ఆంటోనియో వైద్యుడిపై మొదట దావా వేసినవారు టెక్సస్ వాసులు కూడా కారు. ఒకరిది ఆర్కాన్సా, ఇంకొకరిది ఇల్లినాయ్.

ప్రభుత్వం నేరుగా చేయలేని పనిని పక్కింటివాడి చేత చేయించడమే ఈ చట్టం అసలు సారం. ఊళ్లో తగవు పెట్టి అరుగు మీద కూర్చుని చూసే పెద్దమనిషి తీరు ఇది.

ఇందులోని ప్రమాదాన్ని ఉదారవాదులకు దీటుగా పసిగట్టింది ఎవరో తెలుసా? ఒక తుపాకీ హక్కుల సంస్థ! ఫైర్‌ఆర్మ్స్ పాలసీ కొయలిషన్ సుప్రీంకోర్టులో టెక్సస్ చట్టానికి వ్యతిరేకంగా వాదన దాఖలు చేసింది. గర్భస్రావంపై ప్రేమతో కాదు; ఇవాళ క్లినిక్‌పై ప్రయోగించిన ఎత్తు రేపు తుపాకీ దుకాణంపై పడుతుందనే భయంతో. విచారణలో సుప్రీంకోర్టు జడ్జి కవనా కూడా అదే ప్రశ్న వేశారు. భయపడినట్టే 2022 జూలైలో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ అదే అచ్చులో ఒక చట్టంపై సంతకం చేశారు. నిషిద్ధ ఆయుధాలు అమ్మినవారిపై ఎవరైనా దావా వేయవచ్చు, కనీస మొత్తం అదే 10,000 డాలర్లు. అందులో ఫీజుల భారం మోపే నిబంధనను ఫెడరల్ జడ్జి ఆ ఏడాది చివర్లోనే అడ్డుకున్నారు.

అయినా హ్యూస్ వెనక్కి తగ్గలేదు. లైసెన్సు, శిక్షణ లేకుండానే చేతి తుపాకీ వెంట తీసుకెళ్లే వీలు కల్పించిన 2021 చట్టానికి ఓటు వేశారు. టెక్సస్‌లోని ఉవాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు హతమైంది 2022 మే 24న. దానికి మూడేళ్ల తర్వాత ఆయన తెచ్చినది, మొదట చెప్పిన ఆ నిషేధం. గృహహింస కేసుల్లో రక్షణ ఉత్తర్వులు అలాగే ఉన్నాయి గానీ, ప్రమాదకరంగా కనిపించే వ్యక్తి తుపాకీని కోర్టు ద్వారా కొంతకాలం స్వాధీనం చేసుకునే, 20కి పైగా రాష్ట్రాల్లో ఉన్న రెడ్ ఫ్లాగ్ చట్టాల బాట మాత్రం మూసుకుపోయింది. పార్క్‌లాండ్ పాఠశాల కాల్పుల తర్వాత 2018లో ఫ్లోరిడాలో అలాంటి చట్టంపై సంతకం చేసినది రిపబ్లికన్ గవర్నరే. జడ్జి పరిశీలించి ఇచ్చే ఉత్తర్వును హక్కుల ఉల్లంఘన అంటున్న చేయే, గర్భస్రావ మాత్రల విషయంలో లక్ష డాలర్ల దావాలకు వీలిచ్చే 2025 చట్టాన్ని సెనేట్‌లో నడిపించింది.

హ్యూస్ తరఫున చెప్పవలసిందీ ఉంది. పిండం కూడా ప్రాణమేనని ఆయన నిజంగా నమ్ముతారు, ఆయన ఓటర్లూ నమ్ముతారు. తల్లి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు వైద్యులు వెనకాడకుండా గర్భస్రావ నిషేధంలోని మినహాయింపును స్పష్టం చేసిన 2025 చట్టమూ ఆయనదే. మంచిదే. కానీ ఆ స్పష్టత అవసరమయ్యేంత భయాన్ని ఆసుపత్రుల్లో నింపినవాటిలో ఆయన పాత చట్టం ఒకటి.

ఇక మనవాళ్ల సంగతి. డాలస్ శివార్లయిన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు వినబడని వీధులు తక్కువ. అధ్యక్ష ఎన్నికలు వస్తే ఇక్కడి మన వాట్సాప్ బృందాలు కూడా అట్టుడుకుతాయి. వీసాల మీద చర్చ తెల్లవార్లూ నడుస్తుంది. మరి టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో కూర్చునే 31 మంది సెనేటర్లు? రెండేళ్లకోసారి 140 రోజులు, నెలకు 600 డాలర్ల జీతం. ఆ కొద్ది రోజుల్లోనే మన ఆడపిల్ల ప్రసవ గదిలో వైద్యుడు ఏం చేయవచ్చో, మాల్‌లో పక్కన నడిచేవాడి నడుముకు ఏం వేలాడవచ్చో తేలిపోతుంది. 2023 మే 6న ఆ శివార్లలోనే అలెన్‌లోని మాల్‌లో కాల్పులకు ఎనిమిది మంది బలయ్యారు. వారిలో తెలంగాణ నుంచి వెళ్లిన యువ ఇంజనీరు ఒకరు. రెడ్ ఫ్లాగ్ చట్టం ఉంటే అది ఆగేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ ఆ వారం హైదరాబాద్ నుంచి డాలస్ దాకా జరిగిన సంతాప సభల్లో రాష్ట్ర శాసనసభ ఊసు ఎంత వినిపించింది?

హ్యూస్ ఆ శివార్ల సెనేటర్ కాదు, ఆయన చట్టాలు మాత్రం వాటికీ వర్తిస్తాయి. సభ మళ్లీ మామూలు సమావేశానికి కూర్చునేది 2027 జనవరిలో. ఆలోగా ఓటున్న మనవాళ్లలో ఎందరు తమ సెనేటరు పేరు తడుముకోకుండా చెప్పగలరో చూడాలి.