అరువు ఓట్లతో తెలంగాణ బీజేపీ గట్టెక్కదు

2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణ బీజేపీకి వచ్చిన ఓట్లు 13.9 శాతం. ఆరు నెలలు తిరిగేసరికి లోక్‌సభ ఎన్నికల్లో అవి 35 శాతమయ్యాయి. అదే ఆరు నెలల్లో బీఆర్ఎస్ 37.35 శాతం నుంచి 16.68 శాతానికి జారింది. కాంగ్రెస్ 39 నుంచి 40కి వచ్చింది, అంతే. బీజేపీకి పెరిగింది 21 పాయింట్లు, బీఆర్ఎస్‌కు తరిగింది 20 పాయింట్ల పైచిలుకు. ఈ తీసివేత చేయడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. అయినా రాష్ట్ర నాయకుల ప్రసంగాలు వింటుంటే, ఆ 35 శాతాన్ని సొంత ఆస్తిగా పట్టా చేయించుకుని, 2028కి దాని మీద ఇంకో అయిదు శాతం కలుపుకుంటే చాలన్న ధీమాలో ఉన్నట్టే అనిపిస్తుంది.

అవి అరువు ఓట్లు. కేంద్రంలో మోదీ ఉండాలనుకున్న బీఆర్ఎస్ ఓటరు ఆ ఒక్కసారికి ఇచ్చినవి. ఆ అరువు ఎప్పుడు వెనక్కి వెళ్తుందో 2025 నవంబరులో జూబ్లీహిల్స్ చూపించింది. అది కేంద్ర మంత్రి కిషన్ రెడ్డి గెలిచిన సికింద్రాబాద్ లోక్‌సభ పరిధిలోని సెగ్మెంట్. ఉప ఎన్నికలో బీజేపీ అభ్యర్థికి వచ్చినవి 17,061 ఓట్లు. డిపాజిట్ దక్కాలంటే పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కావాలి, అంటే 32 వేల పైమాట. అందులో సగానికి కాస్త ఎక్కువ దగ్గరే ఆగిపోయారు. 2023లో అదే అభ్యర్థికి అక్కడ వచ్చినన్ని కూడా ఈసారి రాలేదు.

అంతకుముందు కథ పాఠకులకు తెలిసిందే. 2020లో దుబ్బాక ఉప ఎన్నికలో గెలుపు, ఆ వెంటనే గ్రేటర్ హైదరాబాద్‌లో నాలుగు నుంచి 48 డివిజన్లకు ఎగబాకడం, 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికలో గెలుపు, 2022లో మునుగోడు దగ్గర బ్రేకు, 2023 జులైలో రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్‌ని తప్పించి కిషన్ రెడ్డికి పగ్గాలు. ఈ వరుసలో ఎక్కువ మంది చూడని అంకె ఒకటుంది. దుబ్బాకలో రఘునందన్ రావు 1,079 ఓట్లతో గెలిచారు. మూడేళ్లకు అదే సీటులో 53 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ 23 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచి, రెండేళ్లకు ఓడారు. ఉప ఎన్నికప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చి ఊరూరా మకాం వేసిన కార్యకర్తలు, 119 చోట్ల ఒకేసారి పోలింగ్ జరిగినప్పుడు ఎవరి ఊళ్లో వారున్నారు. దుబ్బాక బూత్‌లో దుబ్బాక వాళ్లే మిగిలారు. వాళ్లు ఎంతమంది ఉన్నారో ఫలితం చెప్పింది.

సంజయ్‌ని తీసేయడమే తప్పని ఒక వర్గం, ఆయన ఉన్నా అంతేనని మరో వర్గం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాయి. 2025 జులైలో రాంచందర్ రావు అధ్యక్షుడిగా వచ్చాక కూడా ఆ పంచాయితీ తెగలేదు, రాజాసింగ్ రాజీనామా అందులో భాగమే. అధ్యక్షుడెవరన్నది తెలంగాణ బీజేపీకి అసలు సమస్యే కాదు. అధ్యక్షుడి మాట వినడానికి కింద ఎవరూ లేకపోవడం సమస్య.

బూత్ అంటే ఏమిటో ఒకసారి లెక్కగా చూద్దాం. రాష్ట్రంలో 35 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలున్నాయి, సగటున ఒక్కో నియోజకవర్గానికి మూడు వందలు. ఒక్కో కేంద్రంలో ఓటర్లు 1,200 మించకూడదని ఎన్నికల సంఘం ఇప్పుడు పరిమితి పెట్టింది. ఓటర్ల జాబితాలో పేజీకి 30 పేర్లు, అంటే నిండు బూత్‌కు 40 పేజీలు. పేజీకో మనిషిని పెట్టే పన్నా ప్రముఖ్ పద్ధతి గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో బీజేపీ కండబలం. ఆ మనిషి చేతిలో ఉండేది పది పన్నెండు కుటుంబాలు. ఎవరు పుణెకు వెళ్లారు, ఎవరు చనిపోయారు, ఏ కోడలి పేరు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంది, ఎవరికి పింఛను ఆగింది, ఇవన్నీ అతనికి నోటికి రావాలి. పోలింగ్ రోజు మధ్యాహ్నానికి తన పేజీలో ఎవరు ఇంకా గడప దాటలేదో చెప్పగలగాలి.

తెలంగాణలో ఈ పదవులు కాగితం మీద నిండుగా ఉంటాయి. బూత్ అధ్యక్షుడు, అయిదారు బూత్‌లకు కలిపి శక్తి కేంద్రం, ఆపైన మండల కమిటీ, మహిళలు, రైతులు, యువత లాంటి వర్గాలకు ఏడు మోర్చాలు. మిస్డ్ కాల్‌తో చేరిన సభ్యుల సంఖ్య చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ మిస్డ్ కాల్ సభ్యుడికి తన బూత్ నంబరు తెలియదు, బూత్ అధ్యక్షుడికి ఆ సభ్యుడు తెలియదు. ఫోన్ నంబర్ల జాబితాను ఓటర్ల జాబితాతో పేజీ వారీగా సరిపోల్చే పని ఎవరూ చేయరు. విసుగు పుట్టించే పని కదా. ఫొటో పడదు, హైదరాబాద్‌లో ఎవరికీ కనిపించదు.

పోలింగ్ రోజే తీసుకోండి. ఓటింగ్ ఏడు గంటలకైతే మాక్ పోల్ అయిదున్నరకు. కనీసం 50 ఓట్లు వేసి చూపించి, లెక్క సరిపోయాక యంత్రంలోంచి తుడిచేసి, ఓటు చీటీని చూపించే వీవీప్యాట్‌లోని చీటీలు తీసేసి, అప్పుడు సీలు వేస్తారు. ఏజెంట్లు రాకపోతే ప్రిసైడింగ్ అధికారి పావుగంట చూసి పని కానిచ్చేస్తారు. ఒక ఏజెంటు, ఇద్దరు రిలీఫ్ ఏజెంట్లు, ముగ్గురికీ అభ్యర్థి లేదా ఎన్నికల ఏజెంటు సంతకంతో నియామక పత్రం, ఫారం 10 ఉండాలి. మూడు వందల బూత్‌లకు తొమ్మిది వందల ఫారాలు, తొమ్మిది వందల మంది మనుషులు. ఏజెంటు మామూలుగా ఆ బూత్ ఓటరో, పక్క బూత్ ఓటరో అయి ఉండాలి. దొరక్కపోతేనే నియోజకవర్గంలో ఇంకెవరినైనా తెచ్చుకోవచ్చు. అలా తెచ్చిన ఏజెంటుకు ముఖాలు తెలియవు. వచ్చినవాడు అసలు ఓటరా, గల్ఫ్‌లో ఉన్నవాడి పేరు మీద వచ్చినవాడా అన్నది పోల్చుకోలేడు. రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పే హక్కు ఉందన్న సంగతి తెలిసినా వాడలేడు. సాయంత్రం ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సీ నకలు చేతికొచ్చేది చివరిదాకా కూర్చున్న ఏజెంటుకే. ఆ నకలు లేకుండా లెక్కింపు హాల్లో ఓటింగ్ యంత్రం కంట్రోల్ యూనిట్ చూపే మొత్తాన్ని దేనితో సరిచూస్తారు?

గాలి వస్తే ఇవన్నీ కొట్టుకుపోతాయనే వాదన ఉంది, అది పూర్తిగా తప్పు కాదు. 2013లో త్రిపురలో సున్నా సీట్లున్న పార్టీ 2018లో 60కి 36 గెలిచింది, అదీ చాలావరకు కాంగ్రెస్, తృణమూల్‌ల నుంచి వచ్చినవాళ్లతో. కామారెడ్డిలో వెంకటరమణా రెడ్డి ఒకే ఎన్నికలో కేసీఆర్‌నూ రేవంత్ రెడ్డినీ ఓడించారు. నిజమే. అయితే త్రిపురలో పార్టీ ఇన్‌ఛార్జి సునీల్ దేవధర్ వలసలనే నమ్ముకోకుండా పేజీ పేజీకి మనిషిని పెట్టారు. కామారెడ్డిలో అభ్యర్థి ఏళ్ల తరబడి ఆ ఊళ్లలో తిరిగిన స్థానికుడు. రెండు ఉదాహరణలూ గాలి వాదానికి కాక నా వాదానికే పనికొస్తాయి.

టికెట్ల సంగతి ఇంకా దారుణం. 2023లో బీఆర్ఎస్ ఆగస్టు 21నే 115 మందిని ప్రకటించింది. బీజేపీ తొలి జాబితా 52 పేర్లతో అక్టోబరు 22న వచ్చింది. ఆఖరి జాబితా నామినేషన్ల చివరి రోజు, నవంబరు 10న. ఫలానావారు మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ-ఫారం రిటర్నింగ్ అధికారికి చేరాల్సింది ఆ రోజు మూడు గంటలలోపు. వేములవాడలో ప్రకటించిన తుల ఉమను పక్కనపెట్టి బీ-ఫారం వికాస్ రావుకు ఇచ్చారు. సంగారెడ్డిలోనూ ఆఖరి గంటలో పేరు మారింది. పోలింగ్ నవంబరు 30. అంటే అభ్యర్థికి మిగిలింది 20 రోజులు. అందులో మూడు వందల బూత్‌లకు మనుషుల్ని వెతకాలి, అలిగినవాళ్లను బుజ్జగించాలి. పై నుంచి అగ్రనేత సభ వస్తుందంటే బస్సులు కూడా చూడాలి. అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, బూత్‌ల మీద పంచితే ఒక్కోదానికి 13 వేల చిల్లర. ఒక్క సభ జనసమీకరణలో హారతి కర్పూరమయ్యే డబ్బు అది. జూబ్లీహిల్స్‌లోనూ అదే జరిగింది. మిగతా రెండు పార్టీలు పేర్లు ఖరారు చేసి ఇంటింటికీ తిరుగుతుంటే, బీజేపీ పేరు నామినేషన్ల గడువుకు వారం ముందు బయటికొచ్చింది.

చేయాల్సిందేమిటంటే, 119 చోట్లా పోటీ అనే భ్రమ మానడం. 2024లో ఆధిక్యం వచ్చిన అసెంబ్లీ సెగ్మెంట్లు నలభైకి పైగా ఉన్నాయి. ఆ నలభైనే పట్టుకోవాలి. ఏడాది ముందే ఇన్‌ఛార్జిని అభ్యర్థిగా చెప్పేయాలి. 12 వేల బూత్‌లు, ఒక్కోదానికి ముగ్గురు. 36 వేల మంది నిజమైన మనుషులు, ఇంటి చిరునామాతో, బూత్ నంబరుతో. పాత ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో గెలిచిన ఏడు సీట్లే ఇందుకు సాక్ష్యం. అక్కడ అంతో ఇంతో మనుషులున్నారు కాబట్టే 2023 ఎదురుగాలిలోనూ నిలిచారు. ఖమ్మం, నల్లగొండల్లో నలుగురు లేని చోట నామినేషన్ వేసి పరువు తీసుకోవడం దేనికి?

ఓటర్ల జాబితా దగ్గరికి వస్తే, బీహార్ ప్రత్యేక సవరణలో అన్ని పార్టీలకంటే ఎక్కువగా 53 వేలకు పైగా బూత్ స్థాయి ఏజెంట్లను పెట్టింది బీజేపీయే. అలాంటి సవరణలో ఏజెంటు రోజుకు 50 ఫారాల దాకా ఎన్నికల సంఘం బూత్ స్థాయి అధికారి బీఎల్‌ఓకు ఇవ్వవచ్చు. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపునకు 7, చిరునామా మార్పునకు 8. బీజేపీ తనదనుకునే ఓటరు ఎక్కువగా ఉండేది హైదరాబాద్ అపార్టుమెంట్లలో. అక్కడ బీఎల్‌ఓను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. అద్దె ఇల్లు మారినవారి ఓటు పాత కాలనీలోనే ఉండిపోతుంది. 2023లో రాష్ట్రమంతా 71 శాతం పోలింగ్ జరిగితే హైదరాబాద్ జిల్లా సగం కూడా దాటలేదు. సెలవు రోజు నిద్రపోయే ఓటరును తిట్టడం తేలిక. అతని పేరు ఏ బూత్‌లో ఉందో ముందు వెతికి పెట్టేది ఎవరు?

ఈ పార్టీ తాను సంప్రదాయవాద పక్షమని చెప్పుకుంటుంది. అధికారం జనానికి దగ్గరగా ఉండాలి, ఖజానా అదుపులో ఉండాలి, సంస్థలు వ్యక్తులకంటే ఎక్కువ కాలం బతకాలి అన్నవి ఆ ఆలోచన పునాదులు. మరి తెలంగాణలో ఆ పార్టీ ధర్నాలు దేని మీద? కాంగ్రెస్ హామీ ఇచ్చిన మహాలక్ష్మి కింద మహిళలకు నెలకు 2,500 ఎందుకివ్వలేదని. అంటే హామీ సరైనదే, చెల్లింపే ఆలస్యమైందని ఒప్పుకున్నట్టేగా. ఆ వేలంపాటలో కాంగ్రెస్‌తో పోటీ పడి గెలవడం ఎవరి తరమూ కాదు.

నిజంగా పట్టుకోవాల్సింది కళ్లముందే ఉండేది. 2024 జనవరి 31తో సర్పంచుల పదవీకాలం ముగిసింది. గడువు తీరకముందే ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోని 243ఈ అధికరణ చెబుతోంది. జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు పల్లెలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేదని 15వ ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయాయి. పంచాయతీ ట్రాక్టరుకు డీజిల్ పోయించడానికి కార్యదర్శులు జేబులోంచి తీశారు. శ్మశానవాటికలు, రైతు వేదికలు కట్టించిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగారు. సంప్రదాయవాద పార్టీకి ఇంతకంటే సొంత అంశం ఏముంటుంది? ప్రతి మండల కేంద్రంలో మాజీ సర్పంచుల్ని, వాళ్లు ఏ పార్టీవారైనా, కూర్చోబెట్టి పెండింగ్ బిల్లుల జాబితా ఊరి పేరుతో, మొత్తంతో ప్రచురించి ఉంటే అదే సగం బూత్ కమిటీ అయ్యేది. దాని బదులు స్థానిక సంస్థల్లో 42 శాతం బీసీ రిజర్వేషన్ల గొడవలో అసెంబ్లీలో బిల్లుకు మద్దతిచ్చి, బయట కాంగ్రెస్ ‘ఢిల్లీ అడ్డుపడింది’ అంటుంటే సంజాయిషీలు చెప్పుకుంటూ గడిపారు. 50 శాతం పరిమితిని కోర్టులు దాటనివ్వవని 2025 అక్టోబరులో హైకోర్టు స్టే ఇచ్చేదాకా పార్టీగా గట్టిగా చెప్పిన గొంతు పెద్దగా వినిపించలేదు.

చివరికి ఎన్నికలొచ్చాయి, డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా. పార్టీ గుర్తులు లేని ఎన్నిక కాబట్టి ఎవరి లెక్క వారిదే. ఏ లెక్కలో చూసినా బీజేపీది చాలా దూరాన మూడో స్థానం. కొద్దిపాటి ఓట్ల తేడాతో తేలే సర్పంచ్ ఎన్నికలో గాలి పనిచేయదు, ప్రధాని ఫొటో పనిచేయదు, అభ్యర్థి అన్నదమ్ములు, వాడకట్టు, యువజన సంఘం పనిచేస్తాయి. అప్పుడు గెలిచిన సర్పంచుల అయిదేళ్ల గడువు 2030 డిసెంబరు దాకా ఉంది. 2028 అసెంబ్లీ ఎన్నికల్లోనూ, 2029 లోక్‌సభ ఎన్నికల్లోనూ ఊళ్లో పోల్ చీటీలు పట్టుకుని తిరిగేది వాళ్లూ వాళ్ల వార్డు సభ్యులే.