సవరణ: డేటివ్ అంటే తెలుగులో చతుర్థి కాదు

విభక్తుల ఇంగ్లీషు పేర్లకు మన పేర్లు చూపుతూ ఇంతకుముందు పెట్టిన పట్టికలో ‘డేటివ్’కు (dative, ‘ఎవరికి, దేనికి’ అని చెప్పే రూపం) ఎదురుగా ‘చతుర్థి’ అని ఉంది. సంస్కృతం వరకు అది సరే. తెలుగు వరుసలో మాత్రం దాన్ని మార్చాలి.

మన బడి వ్యాకరణంలో చతుర్థికి ఉన్నవి ‘కొఱకున్, కై’ మాత్రమే. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అన్నీ షష్ఠి. కాబట్టి ‘రాముడికి పుస్తకం ఇచ్చాను’, ‘నాకు ఆకలేస్తోంది’, ‘మా అబ్బాయికి జ్వరం’, ఈ మూడూ భాషాశాస్త్రం లెక్కలో డేటివ్, సంప్రదాయ తెలుగు లెక్కలో షష్ఠి. తమిళంలో ‘కు’ నాలుగో వేట్రుమై (విభక్తి), అంటే చతుర్థి. కన్నడంలోనూ ‘గె, కె’ చతుర్థే. పక్క భాషల పట్టిక చూసి మనది నింపితే తప్పు దొర్లేది సరిగ్గా ఇక్కడే. పిల్లలకు పాఠం చెప్పేవాళ్లు దయచేసి ఇది గమనించాలి.

అదే పట్టికలో ‘కేస్’కు (case) ‘కారకం’ అని ఉన్నచోట ‘విభక్తి’ అని చదువుకోండి. విభక్తి పదం రూపానికి సంబంధించింది. కారకం క్రియతో ఆ పదానికున్న సంబంధం. ‘రాముని చేత రావణుడు చంపబడెను’ అన్నప్పుడు విభక్తి తృతీయ, అయినా కర్త రాముడే. పాణిని చెప్పిన కారకాలు 6. ‘రాముని విల్లు’లోని షష్ఠీ సంబంధం వాటిలో లేదు.