కాళ్ల మాత్ర మెసేజీకి నా జవాబు

సిలోస్టజాల్ అనే మాత్ర కాళ్లలోని పూడికలను కడిగేస్తుందని, గుండెకు కూడా కవచమని, దాన్ని వేసుకుంటే ఇక నడక కష్టం అక్కర్లేదని చెప్పే వాట్సాప్ మెసేజీ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. ముప్ఫయ్యేళ్లు మందుల షాపులో కూర్చున్నవాడిని గనుక నా అభిప్రాయం కోసం పంపారనుకున్నాను; తీరా చూస్తే కింద నమస్కారం బొమ్మ, ‘పదిమందికీ పంపండి’ అన్న ఆదేశం ఉన్నాయి.

జపాను వారి దీర్ఘాయుష్షు రహస్యం ఇదేనన్న మొదటి పాయింటును దాటేద్దాం. అక్కడి ఒట్సుకా కంపెనీ దీన్ని తయారుచేసిందని, 1988లో అక్కడ, 1999లో అమెరికాలో అనుమతి వచ్చిందని మాత్రం నిజం.

మెసేజీలో అన్నట్టు రక్తాన్ని ఇది నీళ్లలా చేయదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసి, ధమనులను కొంత సడలిస్తుంది; దానివల్ల, నడిస్తే పిక్క పట్టేసి నిలబడితే వదిలేసే నొప్పి ఉన్నవారు మరికొంత దూరం నడవగలుగుతారు. పూడిక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీయడానికి పొక్లెయిన్లు దిగినట్టు ఈ మాత్ర రక్తనాళంలోకి దిగదు. ఉబ్బిన సిరలకు, షుగరు తిమ్మిర్లకు కూడా ఇదే మందట! సిరలు వేరు, ధమనులు వేరు, నరాలు వేరు అని ఎవరైనా ఆ రచయితకు చెప్పాలి.

అసలు ప్రమాదం ‘గుండె జబ్బువాళ్లు కళ్లు మూసుకుని వాడవచ్చు’ అన్న పాయింటులో ఉంది. హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేని జబ్బు, ఎంత స్వల్పంగా ఉన్నా ఈ మాత్ర వాడకూడదని, మందుతోపాటు వచ్చే కాగితంలో అన్నిటికంటే ముందు రాస్తారు. ఈ మాత్ర ఒంట్లో ఏ ఎంజైమును అడ్డుకుంటుందో దాన్నే అడ్డుకునే మిల్రినోన్ అనే మందును, హార్ట్ ఫెయిల్యూర్ ముదిరినవారికి నోటిద్వారా ఇచ్చి చూస్తే మరణాలు తగ్గకపోగా పెరిగాయని 1991లో తేలింది. ఈ మాత్ర కూడా అలాగే చేస్తుందని రుజువు కాలేదు గానీ, అలాంటి రోగుల మీద వేసి చూసే ధైర్యం వైద్యులకు లేదు. మెసేజీ రాసిన మహానుభావుడికి ఉంది.

మొన్న మా వీధి మామ్మగారు ఒకరు వచ్చి ఫోను చూపించి, ‘ఈ మాత్రలు ఒక అట్ట ఇయ్యి నాయనా’ అన్నారు. పాదాలు వాచి చెప్పుల పట్టీలు ఒరుసుకుపోతున్నాయి. చీలమండ పైన వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు. పడుకుంటే ఆయాసం వస్తోందని, రాత్రిళ్లు మూడు దిండ్లు వేసుకుంటున్నానని మాటల మధ్య చెప్పారు. ఇవి హార్ట్ ఫెయిల్యూర్ గుర్తులు కావచ్చు; ఆవిడకు కావలసింది అట్ట కాదు, ఆ రోజే గుండె డాక్టరు. నేను ఇవ్వకపోతే మరో షాపులో ఇస్తారన్న భయంతో వాళ్ల అబ్బాయికి ఫోను చేసి, అతను వచ్చేదాకా స్టూలు వేసి కూర్చోబెట్టాను.

నడక మానేయమన్న సలహాకు మా బాబాయే జవాబు. లంక పొగాకు చుట్ట మానేసి, కాలువగట్టున పిక్క పట్టేదాకా నడిచి, నిలబడి, నొప్పి తగ్గాక మళ్లీ నడిచేవాడు. మొదట్లో రెండు కరెంటు స్తంభాలు దాటలేనివాడు మూడు నెలలకు లాకుల దాకా వెళ్లి వస్తున్నాడు. డాక్టరుగారు రాసిన ఈ మాత్రను కూడా రోజుకు రెండుసార్లు, భోజనానికి అరగంట ముందు వేసుకుంటాడు. మాత్ర వ్యర్థమని నేననడం లేదు. నడకకు అది తోడు మాత్రమే.

చివరి పాయింటు చదివి మొదట నవ్వాను: ‘ఈ మాత్ర వాడేవారు పంపరపనస తినరాదు’. తరవాత నవ్వు ఆగిపోయింది. గ్రేప్‌ఫ్రూట్ రసం పేగుల్లో ఈ మందును విరిచే ఎంజైమును అడ్డుకుని రక్తంలో దాని మోతాదును పెంచుతుందన్నది తెలిసిన సంగతే; ఆ పండు పుట్టింది పంపరపనసకూ నారింజకూ జరిగిన సంకరంలో, అడ్డుకునే పదార్థాలు పంపరపనసలోనూ ఉన్నాయి. మా పెరటి చెట్టు కాయలు ఏటా బాబాయికి అరడజను పంపుతున్నది నేనే. ఈ ఏడు వాటి బదులు అరటి గెల పంపాను.