డ్యూడ్ అంటే ఏనుగు వెంట్రుక కాదు బాబాయ్!

తమ్ముడు రుషికొండలో సర్ఫింగ్ (పలక మీద నిలబడి అలలపై జారే ఆట) నేర్చుకుంటున్నాడని తెలిసిన మర్నాడే మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఒక ఫార్వర్డ్ పడేశాడు. సారాంశం ఇదీ: "సర్ఫింగ్ భాషంతా 1960ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్లు పుట్టించినదే. డ్యూడ్ అంటే ఏనుగు పిర్ర మీద వెంట్రుక. కవబంగా అన్నది హవాయి వీరుల యుద్ధకేక. నెట్‌లో సర్ఫింగ్ అనే మాట ఇంటర్నెట్ పితామహుడు వింట్ సెర్ఫ్ పేరు నుంచి వచ్చింది." కింద వరసగా దండాలు. ఇంగ్లీషులో ఏళ్ల తరబడి ముక్కలుముక్కలుగా తిరుగుతున్న సరుకే ఇదంతా. ఎవరో ఓపిగ్గా ఒకచోట పోగేశారు.

ముందు ఏనుగు సంగతి చూద్దాం. 1883లో న్యూయార్క్ పత్రికల్లో 'డ్యూడ్' అన్న మాట ఒక్కసారిగా గుప్పుమంది. బిగుతు ప్యాంటు, ఎత్తు కాలరు, చేతిలో కర్ర, లేని ఇంగ్లండు యాస. అచ్చంగా మన షోకిల్లా రాయుడన్నమాట. అమెరికావాళ్ల పాత పాట 'యాంకీ డూడుల్'లోని డూడుల్ నుంచే ఇది వచ్చి ఉంటుందని పదాల చరిత్ర తవ్వినవాళ్ల అంచనా. తర్వాత పశువుల కాపర్లు తమ వైపు సెలవులకొచ్చే పట్నం బాబులను ఈ మాటతోనే వెక్కిరించారు. అది సర్ఫర్ల నోట పడేసరికి దాదాపు ఎనభై ఏళ్లు గడిచాయి. అప్పటికి వెక్కిరింత పోయి, మన 'మామా' లాగా పిలుపు మాత్రం మిగిలింది. దారిలో ఏనుగు ఎక్కడా తగల్లేదు.

ఇక సర్ఫింగ్ మాటలన్నీ కాలిఫోర్నియా కుర్రాళ్లే పుట్టించారన్న వాదన. నన్నడిగితే సర్ఫర్లు పుట్టించింది తక్కువ, అర్థం తిప్పింది ఎక్కువ. 'స్టోక్డ్' సంగతే తీసుకోండి. డచ్చి భాషలో 'స్టోకెన్' అంటే నిప్పు ఎగదోయడం. ఓడల్లో, రైలింజన్లలో బొగ్గు ఎగదోసేవాడు స్టోకర్. 1950లకల్లా కాలిఫోర్నియాలో మంచి అల దొరికి ఒంట్లో హుషారు రాజుకున్నవాడు స్టోక్డ్ అయ్యాడు. మనమూ ఎగదోయడాన్ని పొయ్యికీ వాడతాం, మనుషులకూ వాడతాం. కాకపోతే మన దగ్గర అది తగాదాలు పెట్టడానికి! 'నార్లీ' కూడా పాతదే. కణుపులు తేలి, మెలితిరిగిన చెట్టు మొద్దును అలా అనేవారు. 1970ల్లో ప్రాణాల మీదికి తెచ్చే అలకు ఆ పేరు తగిలించారు. అక్కణ్ణుంచి అది 'అదిరింది' అనే అర్థంలోకి జారింది. మన కుర్రాళ్లు సినిమా చూసొచ్చి "అరాచకం మావా" అనడం లేదూ? అలాగే.

కవబంగాకు యుద్ధంతో సంబంధం లేదు, హవాయితోనూ లేదు. 1947లో మొదలైన 'హౌడీ డూడీ' అనే అమెరికా పిల్లల టీవీ షోలో చీఫ్ థండర్‌థడ్ అనే పాత్ర చిరాకొస్తే అరిచే అరుపది. రాసింది ఎడ్వర్డ్ కీన్. ఆ షో చూస్తూ పెరిగిన పిల్లలే పెద్దయ్యాక అలల మీద నిలబడి అదే అరిచారు. నింజా తాబేళ్ల కార్టూన్ పుణ్యమా అని అది మన ఇళ్లలోకీ వచ్చింది.

నాకు మండేది ఇక్కడే. వాళ్లది కాని మాటను హవాయివాళ్లకు అంటగట్టి, వాళ్ల అసలు మాటల ఊసే ఎత్తరు. ఈ ఆటకు వాళ్లు పెట్టుకున్న పేరు 'హెఎ నలు'. హెఎ అంటే జారడం, నలు అంటే అల. కాలిఫోర్నియావాళ్లు పలక పట్టడానికి శతాబ్దాల ముందే అక్కడ రాజులు, రాణులు, మామూలు జనం అలల మీద జారారు. 'కహునా' అంటే వాళ్లకు పూజారి, లేదా ఒక విద్యలో ఆరితేరినవాడు. పడవ చెక్కడంలో చెయ్యి తిరిగినవాడూ కహునాయే. 1959లో ఒక హాలీవుడ్ సినిమా, పనీపాటా లేకుండా బీచ్‌లో గుడిసె వేసుకున్న సర్ఫర్‌కు 'బిగ్ కహునా' అని పేరు పెట్టింది. మనవాళ్లెవరైనా వీధి చివర బేవార్సుకు 'ఘనాపాఠీ' అని బిరుదిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వింట్ సెర్ఫ్ పెద్దమనిషే, కానీ ఈ మాటకు ఆయన పూచీ లేదు. టీవీ చానళ్లు తిప్పడాన్ని 1980ల్లోనే సర్ఫింగ్ అన్నారు. నెట్‌కు ఆ మాటను బాగా ప్రచారంలోకి తెచ్చింది జీన్ ఆర్మర్ పాలీ అనే లైబ్రేరియన్ 1992లో రాసిన వ్యాసం. శీర్షిక కోసం తడుముకుంటున్నప్పుడు ఆవిడ కళ్లు మౌస్‌ప్యాడ్ మీద పడ్డాయి. దాని మీద అలపై నిలబడ్డ మనిషి బొమ్మ ఉంది. అంతే.

ఫార్వర్డ్ రాసినవాడికి తెలియని తమాషా ఒకటుంది. 'సర్ఫ్' అంటే ఒడ్డున విరిగే కెరటం. ఇంగ్లీషు రాతల్లో ఈ మాట 1680ల్లో కనబడుతుంది. అంతకుముందు 1590ల్లో దాదాపు ఇదే అర్థంతో 'సఫ్' అనే మాట ఉండేది. మొదట్లో వీటిని వాడింది భారతదేశపు తీరం గురించే. అందుకే ఇది ఇక్కడి మాటేమోనని నిఘంటువులు అనుమానిస్తాయి. తెలుగు మాటే అని మాత్రం నేననను, రేపు అదొక ఫార్వర్డ్ అవుతుంది. కానీ ఆ రోజుల్లో కోరమాండల్ తీరానికొచ్చిన దొరలకు ఆ కెరటాలు ఒక పెద్ద టెన్షన్. ఓడలు దూరంగా లంగరేసేవి. అక్కణ్ణుంచి ఒడ్డుకు చేర్చేది మసూలా పడవ. ఒక్క మేకు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. కెరటం ఎత్తి ఇసుక మీద కొట్టినా పలకలు పగలకుండా వంగి సర్దుకునేవి. మద్రాసులో రేవు కట్టేదాకా దొరలూ, దొరసానులూ, సారా పీపాలూ అన్నీ ఆ కుట్టుపడవల్లోనే తడుస్తూ ఒడ్డెక్కాయి.